మన కాలనీ సంఘం ఏడాది రిపోర్టు, ఈసారి చేపల సంగతే ఎక్కువ

సభ్యులందరికీ నమస్కారం. పోయిన ఏడాది రిపోర్టంతా డ్రైనేజీ, బోరు మోటరు, కుక్కల గోల. ఈసారి సగం పైగా చేపల గురించే ఉంటుంది, ఏమనుకోవద్దండి, మీటింగుల్లో నడిచింది కూడా అదే గదా.

2022 ఏప్రిల్ 4న మన తిరుపతి కొత్త జిల్లా అయినాక సూళ్లూరుపేట, గూడూరు మనలో కలిసి, కొండలు చూసుకుంటా బతికే మనకి పులికాట్ సరస్సుతో పాటు సముద్రం కూడా వచ్చింది. ఆదివారం మన వీధి చివర చేపల బండి దగ్గర ఒకక్క అడిగింది, "చేపల్లో పాదరసం ఉంటాదంట, ఉప్పూ పసుపూ వేసి నాలుగుసార్లు కడిగితే పోతాదా?" అని. ఎవురికీ తెలీలా. అందుకే జువాలజీ చెప్పి రిటైరైన మేడమ్ ఒకర్ని పిలిపించినాం.

మేడమ్ రెండు కానాగంతలు, ఒక కత్తెర తెచ్చుకోని మన హాల్లోనే కోసి చూపించినారు (వాసన మూడ్రోజులు పోలా, వాచ్‌మెన్ ఇంకా తిడతానే ఉండాడు). మొప్ప ఎత్తితే ఎర్రగా దువ్వెన పళ్ల మాదిరి ఉంటాది, నీళ్లలోని పాదరసం లాంటి లోహం ముందు తగిలేది దానికే, ఎక్కువ రోజులు తగిలితే ఆ సన్న రేకులు వాచి ఒకదానికొకటి అతుక్కోని చేపకి ఊపిరాడదంట. పొట్ట ఖాళీ చేసినాక వెన్నెముక్కి అంటుకోనున్న ముదురెరుపు పట్టీ చూపించి ఇదేంది అంటే అందరం గడ్డకట్టిన రక్తం అన్నాం. అది కిడ్నీ అంట! కాడ్మియం అనే లోహం బాగా చేరేది అక్కడా, లివర్లోనూ. లివరు మెటలోథయోనిన్ అనే ప్రోటీను తయారుచేసి లోహాన్ని కట్టేస్తాది, శక్తికి మించితే మాత్రం కణాలే చచ్చిపోతాయి.

పాదరసం అట్ల కాదు, మిథైల్ పాదరసం అనే రూపంలోకి మారి కండలోని ప్రోటీనుకే పట్టుకుంటాది, కడిగినా, వేయించినా, పులుసులో ఎంతసేపు మరిగించినా పోదు. చిన్నదాన్ని పెద్దది తినేకొద్దీ పోగుపడతాది గాబట్టి నెత్తళ్లలో తక్కువ, సొరలో ఎక్కువ. 1956లో జపాన్ మినమాటాలో బయటపడిన పాదరసం జబ్బు గురించి మేడమ్ చెప్తా, ఫ్యాక్టరీ నీళ్లు కలిసిన సముద్రంలో చేపలు తిని ముందు పిల్లులు పిచ్చిగా గెంతినాయి అన్నప్పుడు హాలంతా సైలెంట్. అయినా చేపలు మానమని చెప్పలా, చిన్నవి తినండి, మొప్పలు, పేగులు, లివరు, ఆ పట్టీ తీసి పారేయండి, కడుపుతో ఉండేవాళ్లూ చిన్నపిల్లలూ సొర జోలికి పోవద్దు అన్నారు, అంతే.

నాకు మనసులో పడింది ఇంకోటి. మన కాలవ నీళ్లు పోయేది స్వర్ణముఖిలోకి, అది శ్రీకాళహస్తి మీదుగా పోయి బంగాళాఖాతంలో కలుస్తాది. ఇన్వర్టర్ బ్యాటరీ పగలగొట్టి కాలవలో పోస్తే సీసం పోయేది ఎక్కడికి? అందుకే గేటు దగ్గర పాత బ్యాటరీలకి డబ్బా పెట్టినాం, రంగులు నీళ్లలో కలవకుండా వినాయకుడికి ఈసారి రంగుల్లేని మట్టి బొమ్మే (పిల్లోళ్లు అలిగినారు, సర్దుకున్నారు).

కాలవ నీళ్లు టెస్టుకి ఇస్తే ఒక ల్యాబ్ వాళ్లు డబ్బులు కట్టించుకోని నాలుగు నెలలు తిప్పించి, సీసా పోయింది మళ్లీ తెండి అన్నారు. ఆ ఖర్చు లెక్కల్లో "రావాల్సినవి" కింద రాసినాం, వస్తాదని నాకు నమ్మకం లేదు. మిగతా లెక్కలు నోటీసు బోర్డులో ఉండాయి. బ్యాటరీ డబ్బాలో ఎవురో ఎండిన కొబ్బరిచిప్పలు వేస్తా ఉండారు, దయచేసి ఆపండి.