పోస్టు మీద కేసు కట్టే ముందు చూడాల్సినవి: హోం మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. సోషల్ మీడియా పోస్టుల మీద పెట్టిన కేసులను జిల్లా కోర్టుల్లో వాదించే న్యాయవాదులం మేము. కొన్ని కేసుల్లో నిందితుల తరఫున నిలబడతాం, కొన్నింటిలో ఫిర్యాదు చేసినవాళ్ల తరఫున. అందుకే రెండు వైపుల బాధా మాకు తెలుసు. మాట్లాడే స్వేచ్ఛకు హద్దులు ఉండాలి, ఉన్నాయి కూడా. ఆ హద్దు దాటారో లేదో ఎవరు, ఏ దశలో, ఏం చూసి తేలుస్తున్నారన్నదే మా అభ్యంతరం. ఈరోజు ఆ పని ఒక స్టేషన్‌లో, ఒక స్క్రీన్‌షాట్ చూసి, ఒక్క సాయంత్రంలో అయిపోతోంది.

1950లో మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' పత్రికను రాష్ట్రంలోకి రానివ్వనంది. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేవి. రొమేష్ థాపర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. మరుసటి ఏడాదే తొలి రాజ్యాంగ సవరణతో మాట్లాడే స్వేచ్ఛకు ఏయే కారణాలతో ఆంక్షలు పెట్టొచ్చో చెప్పే 19(2) అధికరణ మారింది. ప్రజాశాంతి, విదేశాలతో మైత్రి, నేరానికి పురికొల్పడం అన్న కారణాలు అందులో చేరాయి. వాటితోపాటు ఆంక్ష ఏదైనా 'సహేతుకం'గా ఉండాలన్న షరతూ చేరింది. దేశ సార్వభౌమత్వం, సమగ్రత 1963లో వచ్చాయి. రాజ్య భద్రత, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం కలిపితే మొత్తం ఎనిమిది. ఈ జాబితాకు కొత్తగా ఏదీ చేర్చడానికి లేదని 2023 జనవరిలో కౌశల్ కిశోర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మా దగ్గరికొచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువగా కనిపించే మాట 'మా మనోభావాలు దెబ్బతిన్నాయి'. ఆ ఎనిమిదిలో ఈ కారణం లేదు. మత విశ్వాసాలను అవమానించడాన్ని శిక్షించే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, పాత ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం) 299 కూడా ఉద్దేశపూర్వకమైన దురుద్దేశం ఉంటేనే వర్తిస్తుంది. ఎవరికో బాధ కలిగిందన్నది ఒక్కటే సరిపోదు.

కేసు ఎలా పుడుతుందో చెబుతాం. ఫిర్యాదు టైపు చేసి సిద్ధంగా వస్తుంది, సెక్షన్లు కూడా అందులోనే రాసి ఉంటాయి. ఫిర్యాదుదారు చాలాసార్లు ఆ పోస్టులో తిట్టిన మనిషి కాదు, ఆయన అభిమాని. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ ఆ సెక్షన్లనే ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కిస్తాడు: 196, 299, 352, 353 (ప్రజాశాంతిని చెడగొట్టే ప్రచారం), 356. ఈ అయిదూ ఒకే రకం నేరాలు కావు. పరువు నష్టం (356), కావాలని అవమానించడం (352) నాన్-కాగ్నిజబుల్. అంటే వాటి మీద పోలీసులు సొంతంగా ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. జనరల్ డైరీలో సారాంశం రాసి, బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే చట్టం) 174 ప్రకారం ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరికి పంపాలి. పక్కన ఒక్క కాగ్నిజబుల్ సెక్షన్ చేరిస్తే ఈ అడ్డు తొలగిపోతుంది కాబట్టే 196 వచ్చి కూర్చుంటోంది. మతం, కులం, భాష వంటి ప్రాతిపదికన సమూహాల మధ్య శత్రుత్వం పెంచడం 196. ఒక ఎమ్మెల్యేని తిట్టిన పోస్టులో రెండో సమూహం ఏదో ఎఫ్‌ఐఆర్ చదివితే దొరకదు.

మంత్రుల పరువుకు రక్షణ లేదని ఎవరూ అనలేరు. విధి నిర్వహణకు సంబంధించి మంత్రికి పరువు నష్టం జరిగితే, ప్రభుత్వ అనుమతితో పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఆరు నెలల్లోపు నేరుగా సెషన్స్ కోర్టులో ఫిర్యాదు వేసే ప్రత్యేక దారి బీఎన్‌ఎస్‌ఎస్ 222లో ఉంది. పరువు నష్టం నేరంగా ఉండటం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంత దారి ఉండగా తెల్లవారుజామున తలుపు కొట్టాల్సిన అవసరం ఎందుకు వస్తోంది?

చట్టం తొందరపడొద్దనే చెబుతోంది. మూడేళ్లు లేదా అంతకు మించి, ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న కాగ్నిజబుల్ నేరాల ఫిర్యాదు వస్తే, డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయొచ్చని బీఎన్‌ఎస్‌ఎస్ 173(3) అంటోంది. 196, 299, 353(2) ఈ పరిధిలోవే. ఒక కవిత ఉన్న వీడియో మీద గుజరాత్‌లో పెట్టిన కేసును కొట్టేస్తూ, 2025 మార్చి 28న ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పులో సుప్రీంకోర్టు మాటకు సంబంధించిన ఇలాంటి నేరాల్లో ఈ విచారణ చేయడమే ఎప్పుడూ సముచితమంది. ఆ మాట ప్రభావాన్ని గుండె నిబ్బరమున్న మనిషి కొలమానంతో చూడాలి తప్ప, ప్రతి విమర్శలోనూ ముప్పు చూసేవారి కొలమానంతో కాదని కూడా చెప్పింది. 2025 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు అక్కడి పోలీసులకు మార్గదర్శకాలే ఇచ్చింది. ఫిర్యాదుదారు బాధితుడేనా చూడాలి, ప్రాథమిక విచారణ చేయాలి, రాజకీయ విమర్శ మీద యాంత్రికంగా కేసు కట్టకూడదు, సున్నితమైన కేసుల్లో ముందు ప్రాసిక్యూటర్ అభిప్రాయం తీసుకోవాలి. ఇవే మాటలు మీ శాఖ సర్క్యులర్‌గా ఇవ్వడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.

అన్నిటికన్నా మమ్మల్ని కలవరపెడుతున్నది బీఎన్‌ఎస్ 111. ఇది వ్యవస్థీకృత నేరాల సెక్షన్, ప్రాణనష్టం లేని కేసుల్లో కూడా శిక్ష అయిదేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోతుంది. అది వర్తించాలంటే నేర ముఠా ఉండాలి, హింసో బెదిరింపో మరో అక్రమ మార్గమో వాడి లాభం పొందడం ఉండాలి. అంతేకాదు, గత పదేళ్లలో ఒకటి కంటే ఎక్కువ ఛార్జిషీట్లు దాఖలై, కోర్టు వాటిని విచారణకు స్వీకరించి ఉండాలి. వట్టి ఎఫ్‌ఐఆర్‌లు ఉంటే చాలదు. పోస్టు కేసులో ఈ సెక్షన్ చేర్చిన క్షణం మూడు రక్షణలు ఒకేసారి పోతాయి. ఏడేళ్ల పరిమితి దాటుతుంది కాబట్టి 173(3) విచారణ ఉండదు. 2014 నాటి అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం అరెస్టు చేయకుండా, విచారణకు రమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) నోటీసు ఇచ్చి పంపాల్సిన మనిషి రిమాండుకు వెళతాడు. బెయిలూ కష్టమవుతుంది. తర్వాత ఆ సెక్షన్ నిలబడకపోయినా జైల్లో గడిచిన రోజులు తిరిగి రావు. ఇది ఒక్క ప్రభుత్వానికి పరిమితమైన అలవాటు కాదు. 2021లో ఇదే రాష్ట్రంలో రెండు తెలుగు టీవీ ఛానళ్ల మీద రాజద్రోహం కేసు పెడితే, ఆ నేరానికి హద్దులు నిర్వచించే సమయం వచ్చిందని సుప్రీంకోర్టు అనాల్సి వచ్చింది. ఆనాడు ఆ కేసును తప్పుబట్టినవారు ఈనాడు అధికారంలో ఉన్నారు.

ఇక ఒకే పోస్టుకు నాలుగు జిల్లాల్లో ఎఫ్‌ఐఆర్‌లు. మొదటి కేసులో బెయిలొచ్చి, పూచీకత్తులు పెట్టి, మనిషి జైలు గేటు దాటేలోపే మరో స్టేషన్ నుంచి, జైల్లో ఉన్నవారిని ఇంకో కేసులో హాజరుపరచమనే పీటీ వారెంటు వస్తుంది. ఒకే ఘటన మీద రెండో ఎఫ్‌ఐఆర్ చెల్లదని టి.టి. ఆంటోనీ కేసులో 2001లోనే తీర్పు ఉంది. తర్వాత వచ్చే ఫిర్యాదులను మొదటి కేసు దర్యాప్తు అధికారికి పంపి, బీఎన్‌ఎస్‌ఎస్ 180 కింద వాంగ్మూలాలుగా నమోదు చేస్తే సరిపోతుంది. స్టేషన్లన్నీ కేసుల వివరాలు నమోదయ్యే ఒకే కంప్యూటర్ వ్యవస్థ అయిన సీసీటీఎన్‌ఎస్‌లో ఉన్నాయి. పోస్టు లింకు కొట్టి వెతికితే పాత ఎఫ్‌ఐఆర్ కనపడేలా అందులో ఒక గడి చేర్చండి.

సాక్ష్యం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నిజంగా శిక్ష పడాల్సిన కేసులు ఇక్కడే పోతున్నాయి. తేదీ కత్తిరించిన స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి ఫైలులో పెడతారు. పోస్టు లింకు ఉండదు, ఖాతా ఐడీ ఉండదు. పేరు చూసి మనిషిని పట్టుకొస్తారు, పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. ఈలోగా ఆ పోస్టు తొలగిపోతుంది. మొదటి గంటలోనే లింకు, ఖాతా ఐడీ, సమయం రాసుకుని, స్క్రీన్ రికార్డు చేసి, డేటా భద్రపరచమని ఆ సంస్థకు లేఖ పంపాలి. భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ రెండు భాగాలుగా, ఫైలు హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర) ఉండాలి. ఫోను పట్టుకుంటే మధ్యవర్తుల (పంచనామా సాక్షుల) సమక్షంలో సీలు వేసి, హాష్ అక్కడే రాయాలి. పైన చెప్పిన 35(3) నోటీసు వాట్సాప్‌లో పంపితే చాలదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా వాట్సాప్ నోటీసులు ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఏ మాటలను ఆపాలో కూడా మేమే చెబుతాం. ఆడవాళ్ల ఫొటోలు మార్ఫింగ్ చేసి పెట్టడం, అత్యాచారం చేస్తామని బెదిరించడం, పిల్లల అశ్లీల దృశ్యాలు, బహిరంగంగా కులం పేరుతో దూషించడం, ఫలానా వీధిలో ఫలానా వాళ్ల మీద పడండని పిలుపు ఇవ్వడం. ఇక్కడ 14 రోజులు ఆగమని మేము అనం. విద్వేష ప్రసంగాల మీద ఫిర్యాదు రాకపోయినా కేసు కట్టాలని 2023లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. చర్చించడం, సమర్థించడం, పురికొల్పడం మూడూ వేరని, మూడోదానికి చేరినప్పుడే చట్టం చెయ్యి వేయాలని 2015లో ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ కొట్టేసిన తీర్పు గీత గీసింది. మా కక్షిదారుల్లో మార్ఫింగ్ ఫొటోల మీద ఫిర్యాదు ఇచ్చి స్టేషన్ చుట్టూ తిరిగే ఆడపిల్లలున్నారు. వాళ్ల ఫిర్యాదుకు రసీదు కూడా దొరకని చోట, నాయకుడి కార్టూన్ మీద ఫిర్యాదుకు రాత్రికి రాత్రే బృందాలు బయల్దేరుతున్నాయి. సైబర్ సిబ్బంది ఉన్నదే కొద్దిమంది. వాళ్ల సమయం ఎటు పోవాలో నిర్ణయించాల్సింది మీరు.

రిమాండు సమయంలో అర్నేష్ కుమార్, ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ తీర్పులు పాటించాలని 2025 జూలైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. అది కోర్టు గుమ్మం దగ్గర పనిచేస్తుంది. స్టేషన్ గుమ్మం దగ్గర పనిచేసే ఆదేశం డీజీపీ కార్యాలయం నుంచే రావాలి. మాట మీద వచ్చే ప్రతి ఫిర్యాదుకు, ఆగకూడదని మేము పైన చెప్పిన సందర్భాలు తప్ప, 173(3) విచారణ చేయాలని అందులో రాయండి. 111, 152 (దేశ సార్వభౌమత్వానికి ముప్పు తేవడం) సెక్షన్లు చేర్చాలంటే ఎస్పీ రాతపూర్వక కారణాలు, ప్రాసిక్యూటర్ అభిప్రాయం ఉండాలని రాయండి. 352, 356 మాత్రమే నిలిచే ఫిర్యాదు మేజిస్ట్రేటుకే పోవాలి. 196, 299 కేసుల్లో కోర్టు విచారణకు స్వీకరించాలంటే బీఎన్‌ఎస్‌ఎస్ 217 కింద ప్రభుత్వ అనుమతి కావాలి. ఆ ఫైళ్లు మీ శాఖకే వస్తాయి. అనుమతి ఇచ్చేముందు ఆ పోస్టును మీరే ఒకసారి పూర్తిగా చదవండి.

ఇప్పటికే పెండింగులో ఉన్న పోస్టు కేసులను జిల్లాకొక డీఎస్పీ, ఒక ప్రాసిక్యూటర్ కలిసి సమీక్షించి, నిలవని సెక్షన్లను తొలగిస్తూ మెమోలు వేయాలి. ఎన్ని తొలగించారో, మహిళల ఫిర్యాదుల్లో ఎన్నింటికి ఛార్జిషీటు వేశారో, రెండు అంకెలూ జిల్లాలవారీగా ప్రకటించండి. సర్క్యులర్ ముసాయిదా తయారీకి మా సాయం కావాలంటే ఫీజు లేకుండా చేస్తాం.

ఇట్లు,
జిల్లా కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్న కొందరు న్యాయవాదులు