చిట్టీ, ఆరాధన బాగా జరిగింది

విజయనగరం,
సోమవారం మధ్యాహ్నం.

చి. చిట్టికి అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని అనుకుంటున్నాను. భోగి దగ్గర్నుంచి ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే తీరిగ్గా చదువుకుంటావని రాస్తున్నాను. ప్రత్యేకించి విషయమేమీ లేదు.

త్యాగరాజస్వామి ఆరాధన చేసే పుష్య బహుళ పంచమి ఈసారి శనివారం పడింది. కనుమ వెళ్లిన మూడోనాడే కావడంతో పండక్కి వచ్చినవాళ్లెవరూ కదల్లేదు. బొబ్బిలి అత్త తన గొల్లపల్లి వీణ పట్టుకుని బస్సులో వచ్చింది. ఒకే పనస మొద్దులోంచి తొలిచిన వీణ కదా, ఎవరి కాలైనా తగులుతుందని సీటు దానికిచ్చి తను నిలబడిందట. విశాఖ నుంచి రాజా మావయ్యవాళ్లు పిల్లలతో సహా దిగారు. ఇల్లంతా పరుపులే. దుప్పట్లు చాలక నాన్న పక్కింటికి వెళ్లి తెచ్చారు. ఈ ఏడు చలి బాగా ఉంది. పొద్దున్న ఏడైనా మంచుకి కోట బురుజులు కనపడట్లేదు. అక్కడా చలే కదా, చెవులకి ఏమీ కట్టుకోకుండా బండి మీద వెళ్లకు.

కోవెల్లో పొద్దున్న తొమ్మిదికి పంచరత్న కీర్తనల్లో మొదటిది, నాట రాగంలోది మొదలుపెట్టారు. రెండోది గౌళ అయ్యేసరికి గుమ్మం దాకా జనం. నీతో చదువుకున్న పిల్లలు చాలామంది వచ్చారు. కొందరి చంకల్లో పిల్లలు కూడానూ. అందరూ నీ గురించే అడిగారు. సెలవు దొరకలేదని చెప్పాను. ఫిడేలు ఒక్కటే అయింది, అంతమంది గొంతుల్లో వినపడలేదు. "రెండోది ఉంటే నిండుగా ఉండేదమ్మా" అని మాష్టారు నా వంక చూశారు. నీ పేరు మాత్రం ఎత్తలేదు.

ఇంతకీ నీ ఫిడేలు ఎలా ఉంది? కమాను వాడనప్పుడు వదులు చేసి పెడుతున్నావా? గోడవారన పెట్టకు, చెమ్మ లాగుతుంది.

ఆదివారం అందరం కలిసి పైడితల్లి అమ్మవారి దర్శనం చేసుకున్నాం. అక్కణ్నుంచి పిల్లలకి గంటస్తంభం చూపించి, బజార్లో తేగలు కొనుక్కుని వచ్చాం. సాయంత్రం మేడ మీద కచేరీ పెట్టుకున్నాం. అత్త వీణ, మావయ్య పాట, నాన్న తాళం. కింద వీధిలోవాళ్లు కూడా కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. పైడిరాజు అందరికీ టీ పెట్టించాడు. వాళ్లబ్బాయి కూడా మీ ఊళ్లోనే చేస్తున్నాడు కదా. కనుమ నాడు ఆ అబ్బాయే తన ఫోన్లో ఏదో చూపించాడు. పాత సామాన్లు అమ్ముకునేదాంట్లో ఒక ఫిడేలు ఫొటో. పెట్టె మూత తెరిచి ఉంది. లోపల ఆకుపచ్చ పట్టు గుడ్డ, మూల మీద పసుపు దారంతో కుట్టిన అతుకు. ఆ అతుకు మీ అమ్మమ్మ వేసింది. నేను గుర్తుపట్టలేనా? పక్కనే పైడిరాజు భార్య "ఏటమ్మా, గుంట ఫిడేలు అమ్మేస్తందా?" అంది. అలాంటి పెట్టెలు చాలా ఉంటాయిలే అనేశాను. నాన్నకి ఇంకా చెప్పలేదు.

నేనేమీ అనట్లేదు. నీ వస్తువు, నీ ఇష్టం. కానీ ఈ ఊళ్లో పుట్టిన పిల్లవి, కొన్ని సంగతులు తెలిసుండాలి. 1919లో విజయరామ గజపతి రాజు గారు సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు ప్రిన్సిపాల్. ఫిడేలు పాఠం చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. చూపు సరిగా ఆనని మనిషి, చెవితోనూ చేత్తోనూ అంతవాడయ్యాడు. ఘంటసాల గారైతే చేతి ఉంగరం అమ్ముకుని ఈ ఊరొచ్చారు. ఇంటింటా అన్నం అడిగి మధూకరం ఎత్తుకుని తిని, అదే కాలేజీలో చదువుకున్నారు. పాట కోసం బంగారం అమ్మినవాళ్లున్నారు గానీ, ఇంకో దానికోసం పాటని అమ్మినవాళ్లని నేను చూడలేదు. ఉద్యోగం చేసుకుంటూ రోజూ అరగంట వాయించలేమా? లేచిన వెంటనే ఫోన్ చూసే బదులు సరళీలు ఒక వరస వాయించు. మనసు కుదుటపడుతుంది. నిద్ర కూడా పడుతుంది. అన్నం వేళకి తింటున్నావా?

నీకు గుర్తుందో లేదో, నువ్వు ఏడో క్లాసులో ఉండగా జరిగిన ఆరాధన. వరాళి రాగాన్ని గురువు ఎదురుగా కూర్చోబెట్టి చెబితే ఇద్దరికీ ఎడబాటు వస్తుందని అంటారు కదా. అందుకని మాష్టారు తన అరుగు మీద కూర్చుని పాడుకునేవారు. నువ్వు లోపల గదిలో, ధాన్యం బస్తాల మధ్య కూర్చుని విని పట్టుకునేదానివి. సంక్రాంతి నెలంతా అదే పని. చలికి వేళ్లు కొంకర్లు పోతే మాష్టారి భార్య గ్లాసుతో వేడినీళ్లు ఇచ్చేది, పట్టుకోమని. ఆరాధన నాడు ఆరభి దాకా బాగానే ఉంది. వరాళి ఎత్తుకోగానే పై పంచమం తీగ టప్పున తెగి నీ చెంప మీద కొట్టింది. ఎర్రటి గీత. నేను లేచి వచ్చేద్దామనుకున్నాను, నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. నువ్వు ఏడవలేదు, ఆపలేదు. షడ్జమం తీగ మీదే చెయ్యి పైపైకి జరుపుకుంటూ, కొన్ని చోట్ల తప్పుతూ, చివరిదాకా అందుకున్నావు. మాష్టారు పాడుతూనే నీ వైపు తిరిగి కూర్చుని, నీ కోసం కాలం కాస్త తగ్గించారు. ఆయన్ని అనుసరించి ఊరుఊరంతా తగ్గించి పాడింది. అయ్యాక బొబ్బిలి అత్త నిన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని చెంపకి వెన్న రాసింది. ఆ రోజు నువ్వు ఎనిమిది గారెలు తిన్నావు.

ఆ ఫిడేలే ఇది. అందుకే ఆగలేక అడుగుతున్నాను. డబ్బుకి ఇబ్బందిగా ఉందా? ఉద్యోగంలో ఏదైనా టెన్షనా? మణికట్టు నొప్పి అన్నావు దసరాల్లో, అది మళ్లీ వచ్చిందా? చేతికి బాగోలేదంటే డాక్టరుకి చూపించుకోవాలి, కంప్యూటర్ కూడా తగ్గించాలి. లేక చూస్తున్న సంబంధం వాళ్లెవరైనా పాటా ఆటా వద్దన్నారా? అలాంటి ఇంట్లో నువ్వు అడుగు పెట్టక్కర్లేదు. ఆ మాట నాన్న తరఫున కూడా నేనే చెబుతున్నాను.

రథసప్తమికి అరసవల్లి వెళ్దామనుకుంటున్నాం. వీలైతే ముందురోజు ప్రశాంతికి రా, స్టేషన్‌కి నాన్న వస్తారు. పైడిరాజు కొడుకుతో అరిసెలు, జంతికలు, నువ్వులుండలు పంపుతున్నాను. అరిసెలు అనకాపల్లి బెల్లంతో చేసినవి. డబ్బా మూత గట్టిగా పెట్టు, గాలి తగిలితే గట్టిపడతాయి. నీ రూమ్మేట్లకి పెట్టు గానీ, నువ్వు తినకుండా మొత్తం ఇచ్చేయకు.

ఇది అందగానే ఫోన్ చెయ్యి. రాత్రి తొమ్మిది లోపే చెయ్యి, తర్వాత నాన్న పడుకుంటారు. ముందు నాతో మాట్లాడు. ఆ ఫిడేలుకి బేరం ఎవరైనా అడిగి ఉంటే ఇవ్వనని చెప్పేయ్. బయానా తీసుకుని ఉంటే అదెంతో చెప్పు, రేపే పంపుతాను, తిరిగి ఇచ్చేద్దువు గాని.

ఆశీస్సులతో,
అమ్మ