కండక్టర్ గుడ్లు, దిండు పిల్లలు

ఒరేయ్ గడియారం,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేసుకో. నీ ఉత్తరాలు రెండు బాకీ పడ్డాను, తెలుసు. మొదట్లో పనుల వల్ల రాయలేదు. ఆ తర్వాత రాయకపోవడానికి కారణం వేరే ఉంది, అదీ చెబుతాను. కానీ ముందు ఈ మాట చెప్పకపోతే నాకు చెయ్యి ఆడదు. ఈరోజు పొద్దున మన పెట్ట దిండు రెక్క కింద నుంచి పిల్లలు తలలు బయట పెట్టాయి. ఐదు. అందులో మూడు నల్లవి!

దిండుది బంగారు రంగు. పుంజుదీ బంగారు రంగే. మరి నల్లపిల్లలు ఎవరివి? ఆలోచిస్తూ ఉండు.

ఇంట్లో అందరం బాగున్నాం. అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన పుస్తకం అందింది, ఇంకా తెరవలేదు. నీలం గొడుగు దొరికింది, ఎక్కడో చెప్పను, నువ్వే వచ్చి చూడు. కబుర్లు ఇంతే.

ఇప్పుడు అసలు సంగతి. కండక్టర్ చనిపోయిందిరా.

ఇది రాయడానికే ఇన్నాళ్లు పట్టింది. నువ్వొచ్చినప్పుడు అందరినీ ముక్కుతో పొడుస్తూ 'జరగండి, జరగండి' అన్నట్టు వెనక్కి తోసిందని నువ్వే ఆ పెట్టకి ఆ పేరు పెట్టావు. రెండు రోజులు నీ ఒడి దిగలేదు. నీకు చెప్పకుండా దాచడం తప్పే. కాగితం ముందు పెట్టుకునేవాణ్ణి, 'చనిపోయింది' అని రాయాల్సిన చోట ఆగిపోయేవాణ్ణి.

అది హేచరీ పిల్ల, అంటే యంత్రాల్లో గుడ్లు పొదిగించి పిల్లల్ని అమ్మే చోటు నుంచి వచ్చింది అని నీకు గుర్తుందిగా? మనం పోట్లాడుకున్నది కూడా దాని గురించే. పెరట్లో పది కోళ్లు పెంచుకునేవాడికి హేచరీ పిల్లలు చాలు, ఏరి ఏరి జాతికోళ్లు పెంచే బ్రీడర్ దగ్గరికి వెళ్లి అంత డబ్బు పోయడం దేనికి అన్నావు నువ్వు. నేను వినలేదు. రెండూ తెచ్చాను. హేచరీ నుంచి ఐదు బఫ్ ఆర్పింగ్టన్ అనే బంగారు రంగు జాతి పిల్లలు పెట్టెలో వచ్చాయి. లెక్క తగ్గకుండా అదనంగా వేసిన ఆరో పిల్ల, తల మీద చిన్న తెల్లమచ్చతో ఉన్న బార్డ్ రాక్ అనే చారల జాతిది, అదే కండక్టర్. అడక్కుండా వచ్చిన పిల్ల. పిల్ల బయటికి వచ్చే ముందు మిగిలిన పచ్చసొన దాని పొట్టలోకి వెళ్లిపోతుంది కాబట్టి మూడు రోజుల దాకా తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదు. అందుకే అంత దూరం పంపగలుగుతారు. అయినా పెట్టె తెరిచేసరికి మిగతావి ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి, ఇదొక్కటే నిలబడి నన్ను చూసింది.

బ్రీడర్ దగ్గర తెచ్చుకున్నవి మూడే. ఒక పుంజు, రెండు పెట్టలు. అవీ బఫ్ ఆర్పింగ్టనే. కానీ రెండు రకాలనూ పక్కపక్కన చూస్తే ఒకే జాతి అంటే నమ్మబుద్ధి కాదు. హేచరీవి సన్నగా, కాళ్లు బారుగా, పాలిపోయిన రంగులో ఉంటాయి. బ్రీడర్ పెట్ట కాళ్లు ఈకల్లో సగం మునిగిపోయి ఉంటాయి. అది నడిస్తే దిండు దొర్లినట్టే ఉంటుంది, అందుకే ఆ రెండింట్లో ఒకదాని పేరు దిండు. ఆ జాతి పెట్ట పెరిగాక మూడున్నర కిలోల పైన తూగాలని ప్రమాణం. దిండు దానికి దగ్గరగా వచ్చింది. హేచరీ అక్కచెల్లెళ్లలో ఏదీ రెండున్నర కిలోలు దాటలేదు.

ఈ తేడా మోసం వల్ల వచ్చింది కాదురా. మొదట్లో నేనూ అలాగే అనుకుని కోప్పడ్డాను. తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. హేచరీలో వందల కోళ్లు ఒకే చోట కలిసి ఉంటాయి. ఏ గుడ్డు ఏ పెట్టదో ఎవరూ చూడరు, వచ్చినవన్నీ ఇంక్యుబేటర్‌లోకి వెళ్తాయి. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టకి ఎక్కువ పిల్లలు. మధ్యలో పొదగడానికి కూర్చున్న పెట్ట ఆ వారాలన్నీ గుడ్డు పెట్టదు, కాబట్టి దాని పిల్లలు తగ్గిపోతాయి. ఎవరూ పనిగట్టుకుని ఏరకపోయినా, తరాలు గడిచేసరికి గుడ్లు ఎక్కువ పెట్టేవి, పొదగడం మర్చిపోయినవి మిగులుతాయి. బరువూ ఈకా రంగూ ఎవరూ పట్టించుకోరు గనుక మెల్లగా జారిపోతాయి.

బ్రీడర్ చేసేది దీనికి పూర్తిగా ఉల్టా. నేను వెళ్లిన ఆయన ఒక్కో పెట్ట కాలికి రంగు రింగు వేసి, ఏది ఎవరి బిడ్డో పుస్తకంలో రాసుకుంటాడు. ఏడాదికి వంద పిల్లల్ని తీస్తే తర్వాతి తరానికి ఉంచుకునేది పదికి లోపే. ఆర్పింగ్టన్‌ని మొదట తయారు చేసింది ఇంగ్లండ్‌లో విలియం కుక్ అనే ఆయన, 1886లో. ఆ మొదటివి నల్లవి. ఈ బంగారు రంగువి 1894లో వచ్చాయి. బ్రీడర్ ఆ సంగతి చెబుతుంటే మా తాతగారి కబుర్లు చెబుతున్నట్టు ఉంది. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

సరే, నువ్వన్నదీ నిజమే. ఒప్పుకుంటున్నా, ఇదిగో రాసిస్తున్నా. హేచరీ పిల్లలు ఇరవయ్యో వారం దాటగానే గుడ్డు మొదలుపెట్టాయి. బ్రీడర్ పెట్టలు ఏడు నెలలు తిని కూర్చున్నాయి. హేచరీవి వారానికి ఐదు, బ్రీడర్‌వి మూడు. కండక్టర్ ఒక్కోసారి ఆరు. హేచరీలో మొదటిరోజే మెడ చర్మం కింద మేరెక్స్ అనే కోళ్ల జబ్బుకి టీకా వేసి పంపారు. బ్రీడర్ పిల్లలకి అది లేదు. అందుకని కొత్తవాటిని నెలరోజులు విడిగా ఉంచి, బూట్లు కూడా మార్చుకుని తిరిగాను. హేచరీలో పెట్టపిల్లలు కావాలంటే పుట్టిన రోజే చూసి ఏరి ఇస్తారు, పదింట తొమ్మిది సరిగ్గా ఉంటాయి. బ్రీడర్ దగ్గర ఏది వస్తే అది, పుంజులు ఎక్కువైతే నీ తలనొప్పి. నాకు పెరిగినవి దొరికాయి కాబట్టి బతికిపోయాను.

ఎక్కడిదాకా వచ్చాను? కండక్టర్.

నెల కిందట ఒక పొద్దున అది గూట్లోంచి దిగలేదు. దిగాక తోక కిందికి వాల్చి, ఒళ్లు నిటారుగా పెట్టి నడిచింది. పొట్ట పట్టుకుంటే నీళ్లసంచిలా ఉంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గుడ్డు తయారయ్యే గొట్టంలోకి దిగాల్సిన పచ్చసొన దారి తప్పి పొట్టలో పడుతుందట, అక్కడ చీము పడుతుందట. ఎక్కువ గుడ్లు పెట్టే పెట్టల్లో ఇది ఎక్కువగా చూస్తామన్నారు. మందులిచ్చారు. నాలుగు రోజులు నా చేతిలోంచే తిన్నది. ఐదో రోజు తినలేదు. దానికి రెండేళ్లేరా.

ఎంత గుడ్డు పెట్టిందో నీకు తెలుసు. మనమంతా మెచ్చుకుంటూ తిన్నాం. దాని ఒంట్లో అది ఎంత పనో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అన్ని హేచరీ పెట్టలకీ ఇలా అవుతుందని కాదు, దాని అక్కచెల్లెళ్లు ఐదూ చక్కగా తిరుగుతున్నాయి. అయినా ఆ రాత్రి నువ్వు గెలిచిన వాదన నాకు మళ్లీ

సరే వదిలెయ్. అసలు చెప్పాలనుకున్నది ఇది.

దాన్ని పెరటి చివర పూడ్చి లోపలికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే బుట్ట కనిపించింది. జబ్బు పడక ముందు వారంలో అది పెట్టినవి, ముదురు గోధుమరంగువి, ఐదు గుడ్లు. దానివేనని ఎలా తెలుసంటావా? బార్డ్ రాక్ అదొక్కటే కదా, ఆ ముదురు రంగు ఇంకెవరికీ రాదు. అప్పటికి దిండు మూడు రోజులుగా ఖాళీ గూట్లో కూర్చుని ఉంది. చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించుకుని బుసకొట్టేది, లేపి బయట పెడితే దాణా రెండు ముక్కలు తిని మళ్లీ పరుగెత్తేది. హేచరీ పెట్టల్లో ఒక్కటంటే ఒక్కటి రెండేళ్లలో ఇలా కూర్చోలేదు.

చీకటి పడ్డాక వెళ్లి కండక్టర్ ఐదు గుడ్లూ, రెండో బ్రీడర్ పెట్టవి నాలుగూ పెన్సిల్‌తో గుర్తు పెట్టి దాని కిందకి తోశాను. ఒక్కో గుడ్డునీ ముక్కుతో లోపలికి లాక్కుంది. నా చెయ్యి మీద దాని పొట్ట తగిలింది, అక్కడ ఈకలు ఊడిపోయి చర్మం కాలిపోతున్నంత వేడిగా ఉంది. ఆ ముట్టుకున్న క్షణం నాకు ఏడుపొచ్చింది.

ఏడో రాత్రి గుడ్డు వెనక టార్చి పెట్టి చూశాను. కండక్టర్‌వి నాలుగింట్లో ఎర్రటి దారాలు సాలెగూడులా అల్లుకుని, మధ్యలో చుక్క కదులుతోంది. ఐదోది ఖాళీ. బ్రీడర్ పెట్టవి నాలుగింట్లో రెండు ఖాళీ. ఆర్పింగ్టన్ వెనకవైపు ఈకలు మరీ ఒత్తుగా ఉంటే పుంజు కలిసినా లాభం ఉండదని, కత్తిరించమని బ్రీడర్ ముందే చెప్పాడు, నేను బద్ధకించాను. పద్నాలుగో రోజు కండక్టర్‌ది ఇంకొకటి ఆగిపోయింది, లోపల రక్తపు గీత గుండ్రంగా కనబడింది. మిగిలినవి మూడూ రెండూ.

నిన్నటికి ఇరవై రోజులు. సాయంత్రం గూటి దగ్గర చెవి పెడితే గుడ్డు లోపలి నుంచి కియ్‌మన్న శబ్దం! దానికి దిండు గొంతులో చిన్నగా ఏదో అంటోంది, నేను ఇంతకుముందెప్పుడూ వినని గొంతు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పెంకు పగలక అవస్థ పడుతున్న పిల్లకి సాయం చేయబోయి పాడు చేయకూడదని చేతులు కట్టుకుని కూర్చున్నాను. పెట్టెలో పిల్లలు వచ్చినప్పుడు దీపం కింద 35 డిగ్రీలు ఉందా లేదా అని మొదటి వారం గంటగంటకీ లేచాను, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆ బెంగ ఏమీ లేదు. చలేస్తే లోపలికి దూరతాయి, ఆకలేస్తే బయటికొస్తాయి. అంతా దిండు చూసుకుంటోంది.

ఇక్కడ నువ్వు జాగ్రత్తగా చదవాలి, నీకు ఇష్టమైన లెక్క ఉంది. మూడు నల్లపిల్లల్లో రెండింటికి తల మీద తెల్లమచ్చ ఉంది. ఒకదానికి లేదు. మచ్చ ఉన్నవి పుంజులు, లేనిది పెట్ట. మనుషుల్లో ఆడా మగా అన్నది తండ్రి నుంచి తేలుతుంది, కోళ్లలో అది తల్లి నుంచి తేలుతుంది. చారల గుణం తల్లి నుంచి కొడుకులకే వెళ్తుంది, కూతుళ్లకి రాదు. పుంజుకి చారలు లేవు కాబట్టి ఈ మచ్చ చూసి పుట్టిన రోజే చెప్పేయొచ్చు. హేచరీలు కూడా చారల పెట్టల్ని ఎర్రపుంజులతో కలిపి ఇలాగే పెట్టపిల్లల్ని ఏరుతాయి. అంటే కండక్టర్ కూతురికి కండక్టర్ చారలు ఒక్కటీ రావు! నల్లగా పెరుగుతుంది, బహుశా మెడ దగ్గర కాస్త బంగారు రంగు తొంగిచూస్తుందేమో.

బ్రీడర్‌కి చెబితే, ఈ పిల్లల్ని తన వరసలో కలపకు అంటాడు. న్యాయమే. ఇన్నేళ్లు కాపాడిన రంగు ఒక్క తరంలో పోతుంది. నేను కలపను. కానీ ఇవి నా పెరట్లోనే ఉంటాయి. నాకు గుడ్లే కావాలనుకుంటే నువ్వన్నట్టు హేచరీ పిల్లలే చాలు, ఆ మాట ఎవరడిగినా చెబుతాను. కానీ వచ్చే ఏడాది పెట్టె తెప్పించకుండా పెరట్లోనే పిల్లలు పుట్టాలంటే దిండు లాంటిది ఒక్కటైనా ఉండాలి. నేను డబ్బు పోసింది దానికని ఇప్పుడు తెలిసింది. ఆ రోజు నీకు సరిగ్గా చెప్పలేకపోయాను. రంగు, బరువు అని ఏదో వాదించాను, అది కాదు నా మనసులో

మచ్చ లేని దానికి పేరు నువ్వే పెట్టాలి. మళ్లీ ఆర్టీసీ పేర్లు వద్దు. ఉత్తరం అందగానే రాయి, లేకపోతే అమ్మ ఏదో ఒకటి పెట్టేస్తుంది, ఆవిడ ఇప్పటికే మూడు పేర్లు

ఒరేయ్, దిండు పిల్లలన్నిటినీ వెంటబెట్టుకుని గూట్లోంచి బయటికి దిగింది! మెట్టు ఎత్తుగా ఉంది, చివరి పచ్చపిల్ల దిగలేక అరుస్తోంది. ఇటుక పెట్టాలి. వెళ్తున్నా, ఇంతే,

నీ

నీలంగొడుగు