మా అల్లుడి చేతి మీద స్వస్తిక్ ఉంది, మంత్రి గారూ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ఏ మంత్రి గారికో పైన రాయలేదు. చదివితే మీకే తెలుస్తుంది. ఇది నా ఐదో ఉత్తరం. మొదటిదానికి రసీదు ఇచ్చారు. రెండోది కల్యాణమండపం దగ్గర మీ చేతికే ఇచ్చాను. మీరు దాన్ని మడత కూడా విప్పకుండా పీఏ గారికి అందించి, "వీసా కష్టాలున్న కుటుంబాల కోసం ప్రత్యేకంగా ఒక అధికారిని పెడుతున్నాం మాస్టారూ" అన్నారు. పక్కనున్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టారు. ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో కనుక్కుందామని మూడుసార్లు బస్సెక్కి వచ్చాను. సెక్యూరిటీ అబ్బాయి నన్ను ఇప్పుడు పేరు పెట్టి పలకరిస్తున్నాడు. అంతవరకు పని జరిగింది.

సంగతి మీకు తెలిసిందే. మా అమ్మాయి అక్కడి పౌరురాలు, అల్లుడు ఇక్కడ. దేశం పేరు కూడా రాయను, మిగిలిన ఆశ పోతుందని భయం. అతను భార్య దగ్గరికి వెళ్లే వీసాకు కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెడికల్‌లో చొక్కా విప్పమన్నారు. ఎడమ ముంజేతి మీద స్వస్తిక్, దాని కింద "అమ్మ" అని తెలుగులో పచ్చబొట్టు. వాళ్లమ్మ పోయిన ఏడాదికి వేయించుకున్నాడు. ఎప్పుడు వేయించావు, ఎందుకు వేయించావు, ఆ అక్షరాలేమిటి అని అడిగి రాసుకున్నారు. ఇంటర్వ్యూలో మళ్లీ అవే ప్రశ్నలు. "మా పెళ్లి కార్డు మీద కూడా ఇదే ఉంటుంది సార్" అన్నాడట మావాడు. చేతిలో ఒక చీటీ పెట్టి పంపించారు. ఇంకా పరిశీలించాల్సి ఉంది అని దాని మీద ఉంది. పదకొండు నెలలయింది.

పచ్చబొట్టే కారణమని ఏమిటి రుజువు అంటారేమో. అయ్యా, నేను అడుగుతున్నదీ అదే కదా! కారణం ఏదో ఒకటి చెప్పించండి. వీసా ఇప్పించమని కాదు, అది వాళ్లిష్టం, వాళ్ల దేశం. ఎందుకు ఆపారో ఒక్క వాక్యం.

ఈ పదకొండు నెలల్లో మేము పోగేసిన కాగితాలు వినండి. పోలీసు క్లియరెన్సు ఒకటికి రెండు. స్వస్తిక్ శుభచిహ్నమే అని గుడి పూజారి గారు సీలు వేసి ఇచ్చిన ఉత్తరం. నాలుగు మూలలా పసుపు పూసిన మా అమ్మాయి పెళ్లి శుభలేఖ. ఇదే సంగతి ధ్రువీకరించమని తహసీల్దారు గారిని అడిగితే, కులం, ఆదాయం, నివాసం తప్ప ఆ కాలమ్ మా దగ్గర లేదన్నారు. నవ్వారు, నేనూ నవ్వాను. ఒక కన్సల్టెంటు లేజరుతో తీయించేయమన్నాడు, ఆరు నుంచి ఎనిమిది సిట్టింగులట. ఇంకొకాయన వద్దే వద్దన్నాడు. ఫొటో ఇప్పటికే వాళ్ల దగ్గరుంది, ఇప్పుడు తీయిస్తే ఏదో దాచారంటారట. ఉంచుకుంటే అనుమానం, తీయించుకుంటే ఇంకా అనుమానం. ఆ చెయ్యి పట్టుకుని పిల్లాడు ఎవరి దగ్గర మొరపెట్టుకోవాలి?

హిట్లరు పార్టీ 1920లో ఆ గుర్తును జెండా మీద పెట్టుకుంది, ఆ పేరు చెబితే అక్కడివాళ్లకు ఒళ్లు మండుతుంది. నాకు తెలుసు, ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాణ్ని. కానీ మన గడపల మీద అది ఎన్ని తరాల నుంచి ఉందో? కాలిఫోర్నియా వాళ్లు 2022లో ద్వేష చిహ్నాల మీద చట్టం చేసినప్పుడు నాజీల గుర్తు వేరు, హిందువులు, బౌద్ధులు, జైనులు పూజించే స్వస్తిక్ వేరు అని అందులోనే రాసుకున్నారు. రాసి పెడితే తెలుస్తుంది, అంతే. మన సైన్యమే చూడండి, ముంజేయి లోపలి వైపు పచ్చబొట్టు ఉంటే పర్వాలేదని, గిరిజనుల ఆచారమైతే మినహాయింపని నియమం పెట్టింది. నచ్చినా నచ్చకపోయినా కుర్రాడికి ముందే తెలుస్తుంది.

తెలియకపోతే ఎంత దూరం వెళ్తుందో మా వకీలు గారు చెప్పారు. మున్యోజ్ అనే ఆవిడ లాస్ ఏంజిలిస్‌లో లాయరు, అమెరికా పౌరురాలు. 2010లో పెళ్లయింది. భర్త వీసా ఇంటర్వ్యూ కోసం 2015లో సొంత దేశం ఎల్ సాల్వడార్ వెళ్లాడు. డిసెంబరులో వీసా లేదన్నారు, కారణం అడిగితే చట్టంలో ఒక సెక్షను చూపించారు. ఆవిడ కోర్టుకెక్కాక, 2018లో గానీ అసలు మాట బయటికి రాలేదు. ఎంఎస్-13 అనే నేరగాళ్ల ముఠా మనిషని అనుమానమట, అందుకు చూసినవాటిలో అతని పచ్చబొట్లూ ఉన్నాయి. ఆ పచ్చబొట్లు ఏమిటయ్యా అంటే గ్వాడలూప్ మాత అనే మేరీమాత, నాటకాల ముసుగులు, మనసు శాస్త్రం చెప్పిన సిగ్మండ్ ఫ్రాయిడ్! ఇవి ముఠా గుర్తులు కావని నిపుణుడు రాసిచ్చినా, 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, విదేశీయుడైన భర్తను దేశంలోకి రానివ్వమని అడిగే రాజ్యాంగ హక్కు భార్యకు లేదని తేల్చేసింది. లాయరు భార్యకే ఆ గతి పడితే, రిటైరైన సోషల్ మాస్టారు అల్లుడికి దిక్కెవరు?

తర్వాత 2025 మార్చిలో అదే అమెరికా వాళ్లు, ఒక వెనిజులా ముఠా మనుషులని వెనిజులా వాళ్లను విమానాలెక్కించి ఎల్ సాల్వడార్ జైలుకు పంపినప్పుడు మార్కులేశారు. ముఠా పచ్చబొట్టు అనుకుంటే 4, మొత్తం 8 వస్తే ముఠా సభ్యుడే. నా సర్వీసులో ఒక్క ప్రశ్నకు సగం పాసు మార్కులు నేనెప్పుడూ వేయలేదు. అలా వెళ్లినవాళ్లలో మణికట్ల మీద కిరీటాలు, వాటి దగ్గర "అమ్మ", "నాన్న" అని ఇంగ్లీషులో రాయించుకున్న మేకప్ కళాకారుడు ఒకడున్నాడు. ఇది చదివిన రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

మా అమ్మ చేతి మీద మా నాన్న పేరు ఉండేది. జాతరలో ఎరుకల ఆవిడ సూదులతో పొడిచింది. మొగుడి పేరు నోటితో పలకని మనిషి చేతి మీద పొడిపించుకుంది. చచ్చాక వెంట వచ్చేది పచ్చబొట్టొక్కటే అనేది. మీ ఇంట్లోనూ అమ్మమ్మో నాయనమ్మో అనే ఉంటారు. మన టెన్త్ సర్టిఫికెట్లో రెండు పుట్టుమచ్చలు రాస్తారు, వాటి వల్ల ఎవరికీ ఉద్యోగం పోలేదు.

కాబట్టి అయ్యా, మీరన్న ఆ అధికారిని పెట్టండి. పెట్టడం కుదరకపోతే పెట్టలేదని చెప్పండి, బస్సు ఛార్జీలు మిగులుతాయి. ఢిల్లీకి ఒక ఉత్తరం రాయండి, కారణం అడగమనండి. ఎలాంటి పచ్చబొట్లు ఉంటే ఇబ్బందో అడిగి తెలుగులో ఒక కాగితం వేయించండి, ఇంకో పిల్లాడు వేయించుకోకముందే చదువుకుంటాడు. మా మనవడు ఫోన్‌లో రోజూ "నాన్నా, చెయ్యి చూపించు" అంటాడు. "అమ్మ" అన్న రెండు అక్షరాలూ వాడు అలాగే నేర్చుకున్నాడు.

జవాబు రాస్తే మాత్రం "పరిశీలనలో ఉంది" అని రాయకండి. ఆ చీటీ మా దగ్గర ఇప్పటికే ఒకటి ఉంది.

ఇట్లు,
తమ సెక్యూరిటీ అబ్బాయికి బాగా తెలిసిన మాస్టారు