ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఒక రోజు

ఆస్టిన్, టెక్సాస్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మర్చిపోతానని కూర్చుని రాస్తున్నాను. నిన్న పొద్దున్నే పులిహోర డబ్బా కారులో పెట్టుకుని ఫ్రెడరిక్స్‌బర్గ్ వెళ్ళొచ్చాం. మాకు పడమరగా గంటన్నర దారి. 1846లో జర్మనీ నుంచి ఓడలెక్కి వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరు. అప్పటికది కొమాంచీలనే అమెరికా ఆదివాసీల నేల. మరుసటి ఏడే వాళ్ళతో కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. ఊరి నడుమ దానికి గుర్తుగా విగ్రహాలున్నాయి. పక్కనే ఎనిమిది పలకల చిన్న కట్టడం. మొదట్లో గుడీ, బడీ అన్నీ అందులోనేనట. పాతది పడగొట్టేశాక 1930ల్లో మళ్ళీ అలాగే కట్టారు. చూడ్డానికి పాతకాలం కాఫీ మిల్లులా ఉంటుందని ఆ పేరుతోనే పిలిచేవారట.

మెయిన్ స్ట్రీట్ ఎంత వెడల్పో! ఎద్దుబండి వెనక్కి తిప్పుకోడానికి వీలుగా వేశారట. షాపుల సంగతి వదిలెయ్, మా ఆవిడ వచ్చినప్పుడు చెబుతుంది. నన్ను కట్టిపడేసినవి 'సండే హౌస్‌'లు. దూరంగా పొలాల్లో ఉండే రైతులు శనివారం బండి కట్టుకొచ్చి, సరుకులు కొనుక్కుని, రాత్రికి పడుకుని, ఆదివారం చర్చికి వెళ్ళడానికి కట్టుకున్న బుల్లి ఇళ్ళు. కొన్నింటికి అటక మీదికి మెట్లు బయటినుంచే ఉంటాయి, పిల్లలు పైన పడుకునేవారట. మ్యూజియంలో ఒక ఇంటి గుమ్మంలో నిలబడితే ఇల్లంతా ఒక్క చూపులో కనిపించేసింది. మా తాతయ్య వాళ్ళు బండి కట్టుకుని తిరునాళ్ళకి వెళ్ళడం గుర్తొచ్చి అక్కణ్ణుంచి కదల్లేకపోయాన్రా.

అక్కడే ఒక పెద్దాయన కలిశాడు. చిన్నప్పుడు ఇంట్లో జర్మనే మాట్లాడేవారట. ఇప్పుడు మనవలకి ఒక్క ముక్క రాదట. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బళ్ళలో ఇంగ్లీషే ఉండాలని టెక్సాస్‌లో చట్టం తెచ్చారు, ఆ దెబ్బ నుంచి ఆ భాష కోలుకోలేదు. ఇక్కడికొచ్చాక ఆ జర్మన్లు కంపు చిమ్మే స్కంక్ అనే జంతువుని మొదటిసారి చూసి 'స్టింక్‌కాట్సె' అన్నారట, అంటే కంపుపిల్లి! మా చిన్నది పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వాడు కానీ, "ఈ మాట అనేవాళ్ళం ఇంక కొద్దిమందిమే" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది. మా చిన్నది నాకు ఇంగ్లీషులోనే జవాబిస్తుందని నీకు తెలుసుగా.

వచ్చేటప్పుడు దారి పక్కన పీచ్ పండ్లు కొన్నాం. ఇంకా ఎండ వేడి తగ్గలేదు వాటికి. పైన సన్నటి నూగు, కొరికితే రసం మోచేతి దాకా కారింది. నూజివీడు రసాలు తిన్నట్టే అనుకో.

ఇంకో సంగతి. ఊరి నడుమనుంచి తూర్పుకి వెళ్తే అడ్డవీధుల పేర్ల మొదటి అక్షరాలు కలిపి 'ఆల్ వెల్కమ్' అవుతాయి, పడమరకి వెళ్తే 'కమ్ బ్యాక్'. చిన్నది అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఇంటికొచ్చేదాకా మాత్రం కారు వెనక సీట్లోంచి "నాన్నా, కంపుపిల్లి! అమ్మా, కంపుపిల్లి!" అంటూనే ఉంది. ఎంత సంతోషమేసిందో! మధ్యలో ఒక్క ఇంగ్లీషు ముక్క లేదురా.

డిసెంబర్‌లో వస్తావుగా, మళ్ళీ వెళ్దాం. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

నీ
రాజు