ర్యాంపు లాగే కొక్కెం ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో కొత్త లోఫ్లోర్ (నేల కిందికి ఉండే) బస్సుల ఫొటో వేశారు. తలుపు పక్కన నీలం రంగు వీల్‌చైర్ బొమ్మ కొట్టొచ్చినట్టు కనబడింది. వెన్నుపాముకు దెబ్బ తగిలి పదకొండేళ్లుగా వీల్‌చైర్‌లోనే తిరుగుతున్నాను. అలాంటి బొమ్మ ఉన్న బస్సులోనే రోజూ ఆఫీసుకు వెళ్తాను. అందుకే ఆ బొమ్మ వెనక సంగతి కాస్త రాయాలనిపించింది.

నేనెక్కే బస్సులో ర్యాంపు, అంటే వీల్‌చైర్ ఎక్కే వాలు పలక, తలుపు దగ్గర నేలలోనే మడిచి ఉంటుంది. అంచున వేలు దూరేంత గుంట, అందులో ఒక రింగు. దానికి కొక్కెం తగిలించి లాగితే పలక తిరగబడి బయటికి పడుతుంది. అర నిమిషం పని. కానీ మొదటిరోజు చూస్తే ఆ గుంట నిండా మట్టీ, టికెట్ ముక్కలూ గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. కొక్కెం లేదు. డ్రైవర్ గారు పాపం తాళంచెవితో పెకలించబోయారు, తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చారు. ఆయన్ని అనడానికేం లేదు. బండి చేతికిచ్చేటప్పుడు ఎవరూ దాన్ని తెరిచి చూపించలేదట.

ఈలోగా లోపల గొణుగుడు మొదలైంది. "ఎత్తేద్దాం సార్, పదండి" అంటూ నలుగురు దిగారు. మంచి మనుషులే. వాళ్లలో ఒకాయన నా కుర్చీకి చెయ్యి ఆనించుకునే చేతిపిడి పట్టుకుని పైకి లేపాడు, అది కాస్తా ఊడి ఆయన చేతికొచ్చింది. మంచం మీదికి మారడానికి వీలుగా చాలా కుర్చీల్లో చేతిపిడులు, కాళ్ల పలకలు ఊడొచ్చేలాగే చేస్తారు. పట్టుకోవాల్సింది ఫ్రేమును. అదీ మమ్మల్ని అడిగి. ఇది తెలియక నన్ను కింద పడేసినవాళ్లూ ఉన్నారు.

ర్యాంపు తెరుచుకున్నా, బస్సు ఎక్కడ ఆగిందన్నది ఇంకో గొడవ. లోఫ్లోర్ బస్సు నేల రోడ్డు నుంచి సుమారు 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫుట్‌పాత్‌కు ఆనించి ఆపితే అందులో దాదాపు సగం ఎత్తు ఫుట్‌పాత్‌తోనే కలిసొస్తుంది. మీటరు పొడవు ర్యాంపు మీద నా చేతులతో నేనే తోసుకుని ఎక్కేస్తాను. నాలుగడుగులు ఎడంగా రోడ్డు మీద ఆపారో, అదే ర్యాంపు నిటారుగా నిలబడుతుంది. భవనాల ముందు కట్టే ర్యాంపుకు ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలని లెక్క. ఇక్కడ మూడడుగులే దొరుకుతుంది. ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

బస్సు సంగతి ఇలా ఉంటే, ఆపద సంగతి ఇంకోలా ఉంది. నా ఆఫీసు మూడో అంతస్తులో. కిందటేడు ఫైర్ డ్రిల్ పెట్టారు. అలారం మోగితే లిఫ్ట్ ఎక్కకూడదు, సరే. "మీరు మెట్ల దగ్గర ఉండండి సార్, మనుషులొచ్చి దింపుతారు" అన్నారు. ఉన్నాను. అందరూ నా పక్కనుంచే గబగబా దిగిపోయారు. కాసేపటికి కింద చప్పట్లు వినిపించాయి. ఆరు నిమిషాల్లో భవనం ఖాళీ అయిందని రిజిస్టర్‌లో రాశారట! నేను మెట్ల దగ్గరే ఉన్నాను. ఇంతలో వెనకనుంచి మా సహోద్యోగి ఒకావిడ వచ్చింది. ఆవిడకు చెవులు వినపడవు. మా అంతస్తులో వెలిగి ఆరే అలారం లైటు ఒక్కటీ లేదు. అప్పటిదాకా సీట్లో పని చేసుకుంటూ కూర్చుందట. అందరూ ఏరీ అని చేత్తో అడిగింది. కిందికి చూపించాను.

2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 9వ అధికరణం రవాణా గురించి కూడా మాట్లాడుతుంది, 11వది ఆపద సమయాల్లో రక్షణ గురించి. అది చేసిన ఏడేళ్లకు, 2013లో, ఆ సమితే వికలాంగులను సర్వే చేస్తే ఉన్నట్టుండి విపత్తు వస్తే ఇబ్బంది లేకుండా వెంటనే బయటపడగలం అన్నవాళ్లు 20 శాతమే. నాకేం ఆశ్చర్యం వెయ్యలేదు.

నేను అడిగేవి పెద్ద ఖర్చు పనులు కావు. డిపో నుంచి బండి తీసేముందు బ్రేకు చూసినట్టే ర్యాంపు కూడా ఒకసారి తెరిచి మూయండి, గుంటలో మట్టి దానంతటదే పోతుంది. కొక్కేన్ని డ్రైవర్ సీటు పక్కన గొలుసుతో కట్టేయండి. డ్రిల్‌లో గడియారం ఆపేది చివరి మనిషి కిందికి దిగాకే. మెట్ల మీద కూర్చోబెట్టి దింపే కుర్చీలు దొరుకుతాయి, ఒకటి కొని నన్ను అందులో కూర్చోబెట్టి ప్రాక్టీసు చెయ్యండి. ఇసక బస్తాతో చేస్తే అది నొప్పి అని చెప్పదు.

అన్నట్టు, కొక్కెం కోసం ఎదురుచూసి విసుగొచ్చి తెలిసిన వెల్డింగ్ అతనితో ఒకటి చేయించుకున్నాను. ఎప్పుడూ బ్యాగులోనే ఉంటుంది. మొన్న వేరే రూటు డ్రైవర్ ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాకూ ఒకటి చేయించి పెట్టండి సార్" అన్నారు.

— మీ పాఠకుడు