మా ఎంపీ గారికి ఒక ఓటరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. మీ కార్యాలయానికి రాసిన మూడు ఉత్తరాలకూ జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలని 51.9 శాతం, ఉండాలని 48.1 శాతం ఓటేశారు. మా ఇంట్లోనూ అదే చీలిక: నేను ఉందామన్నాను, మా ఆయన వద్దన్నారు. ఆ గొడవ మళ్లీ తవ్వను.

ఇంగ్లండ్‌లో మాది చిన్న పిండివంటల వ్యాపారం. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఆవకాయ, సున్నుండలు పంపేదాన్ని. లండన్‌కు పంపినంత తేలిగ్గా వెళ్లేవి. మనం బయటికొచ్చేశాం, ఐర్లండ్ యూనియన్‌లోనే ఉంది; అందుకే 2021 జనవరి 1 నుంచి కస్టమ్స్ కాగితాలు వచ్చాయి. సున్నుండల్లో నెయ్యి ఉంటుంది కదా, పాల పదార్థాల నిబంధనలు అదనం. సంక్రాంతికి పంపిన పెట్టె పండగ వెళ్లాక తిరిగొచ్చింది. సాయానికి వచ్చే ఇద్దరినీ మానిపించాల్సి వచ్చింది. ఆ రోజు వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

ఆహార పదార్థాల తనిఖీలు తగ్గించే ఒప్పందం కోసం పనిచేస్తామని 2025 మేలో బ్రిటన్, యూరోపియన్ యూనియన్ ప్రకటించాయి. అందులో మాలాంటి చిన్నవాళ్లకు ఏం ఒరుగుతుందో దయచేసి పార్లమెంటులో అడగండి. నాకు రాతపూర్వకంగా జవాబివ్వండి. ఈ నెలలోగా నియోజకవర్గంలో ఒక సమావేశం పెట్టండి. మా ఆయన కూడా వస్తానన్నారు.

భవదీయురాలు,
మీ నియోజకవర్గ ఓటరు